బలి వద్దని రాసి ఉన్న కాగితాలు

12 ఆగస్టు 2005, శుక్రవారం

ఇంగ్లీషు నాకే వచ్చని సాయంత్రం వెంకన్న బాబాయి పిలిపించాడు. పక్కింట్లో కిరాయికుంటున్న కొత్త టీచరు ప్రసాద్ గారు భద్రాచలం వెళ్లారు. ఆయన లేనప్పుడు బాబాయి వాళ్లు ఆ గది తెరిచి కొన్ని కాగితాలు తెచ్చారు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించినవి. సాతాను మతం గురించి ప్రశ్నలు, జవాబులు. వారం నుంచి జ్వరాలతో ఉన్న పిల్లల తండ్రులంతా వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆ జ్వరాలు ఈయన చేతబడి వల్లేనని వాళ్ల అనుమానం.

ఉన్నదున్నట్టు చదివి చెప్పాను. ఆ మతంలో చాలామంది సాతాను ఉన్నాడనే నమ్మరట. పిల్లల్ని, జంతువుల్ని బలివ్వకూడదట. ఇది వింటే శాంతిస్తారనుకున్నాను.

"సారు రాత్రంత లైటేసుకుని చదువుతుంటే పరీక్షలకనుకున్నం, గీ పాఠాలా!" అంది పక్కింటి లక్ష్మత్త.

"చంపొద్దని రాసుకున్నరంటే, చంపేటోళ్లు ఉన్నట్టే గద బిడ్డా," అన్నాడు బాబాయి.

మా కాన్వెంట్ గోడ మీద కూడా నరహత్య చేయరాదని ఉండేది. సిస్టర్లను ఎవరూ అనుమానించలేదు. ఆ మాట అనకుండానే కాగితాలు మడిచి బాబాయికి ఇచ్చేశాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు ప్రసాద్ గారు దిగుతారు. వీళ్లంతా బస్టాండు దగ్గర ఉంటారట. కర్రలు కూడా తెస్తారట. ఎందుకో నేను అడగలేదు.

"నువ్వు గూడ రా. ఆయన ముంగట గిదే చదువు," అన్నాడు బాబాయి.

సరే అన్నాను.