జీన్స్ జాడించిన మూడు నీళ్లు

రాయదుర్గం, జూన్ 3

పూజ్యులైన లక్ష్మీపతి అయ్యవారికి, మీ దగ్గర ఛందస్సు తప్పి బెత్తం దెబ్బలు తిన్న ఓబిలేష్ నమస్కారాలు.

జీన్స్ ఉతికే యూనిట్ నడుపుతాండా. ప్రతి లోడునూ మూడుసార్లు జాడించి, మూడు నీళ్లూ కాలువకు వదుల్తాండాము. వదిలే నీళ్లు సగానికి తగ్గించకుంటే నెలాఖరుకు కరెంటు తీసేస్తామని కాలుష్యం బోర్డు నుంచి నోటీసు వచ్చిండాది. నలభై మందికి పని పోతాది. గడువు కోరుతూ ఒక అర్జీ రాసియ్యండి.

మీ శిష్యుడు,
ఓబిలేష్

తా.క.: ఆఫీసరుకు అర్థమయ్యేంత మంచి తెలుగు చాలు.

---

అనంతపురం, జూన్ 8

చిరంజీవి ఓబిలేష్‌ను ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, గంగను కాలువపాలు చేయుటకు గడువు కోరు అర్జీ నా కలము వ్రాయదు. అయినను, అంగడికి పోవలసిన కొత్త బట్టకు మురికి ఎక్కడిది? మూడుమార్లు జాడించుట అతిశయోక్తి. ఒక్కమారు చాలును.

శుభాకాంక్షి,
లక్ష్మీపతి

తా.క.: కొత్త బట్టకు మన ఆచారము పసుపు పెట్టుట. ఉతుకుట కాదు.

---

రాయదుర్గం, జూన్ 14

అయ్యవారికి నమస్కారాలు.

అది మురికి కాదయ్యవారూ. కొత్త ప్యాంటు పాతదాని మాదిరి కనపడాలని ఉతుకుతాము. జనం అట్లాంటివే కొంటారు. మీ మాట మీద ఒక్కసారే జాడించినాము. కొన్న షావుకారు అది తొడుక్కుంటే కాళ్లు, స్కూటర్ సీటు నీలమైనాయి. “ఏమప్పా, ప్యాంటు అమ్మినావా, రంగు డబ్బా అమ్మినావా?” అని లోడంతా తిప్పి పంపినాడు. మళ్లీ మూడుసార్లు జాడించినాము. నీళ్లు తగ్గేది పోయి పెరిగినాయి.

దిక్కు తోచని
ఓబిలేష్

తా.క.: పసుపు పెట్టినచోట ఆకుపచ్చ మచ్చలు పడిండాయి.

---

అనంతపురం, జూన్ 18

చిరంజీవి ఓబిలేష్‌కు ఆశీస్సులు.

కొత్తదానిని పాతదిగా చేసి అమ్మవచ్చునని ఏ ధర్మశాస్త్రమునందును కనబడలేదు. కూడదనియు కనబడలేదు. నేనిట్లు గ్రంథములు తిరుగవేయుచుండగా, పెరటిలో బట్టలు జాడించుచున్న నా ధర్మపత్ని సుబ్బరత్నమ్మ నీ ఉత్తరము విని ఇట్లనెను:

“ఏమండీ, మూడో నీళ్లు తేటగానే ఉంటాయి గదా, పారబోసేదెందుకు? మొదటి నీళ్లొకటే పారబొయ్యమను. రెండోవి తర్వాతి లోడుకు మొదటివి, మూడోవి దానికే రెండోవి. ఆఖరుకు మాత్రం కొత్త నీళ్లు పట్టుకోమను. నేను ముప్పై ఏండ్లుగా చేసేది అదే.”

శాస్త్రప్రమాణము లేదు. అయినను చేసి చూడుము.

లక్ష్మీపతి

తా.క.: మా ఇంట కొళాయి నాలుగు దినములకొకమారు వచ్చునని నాకు ఈ దినమే తెలిసినది.

---

రాయదుర్గం, జూలై 1

పూజ్యులైన సుబ్బరత్నమ్మ గారికి నమస్కారాలు.

అమ్మా, మీరు చెప్పినట్లే చేసినాము. మూడు వంతుల నీళ్లలో ఇప్పుడు ఒక వంతే బయటికి పోతాంది. నిన్న ఆఫీసరు వచ్చి కాలువలోకి తొంగి చూసి, “నీళ్లేవప్పా? మూసేసినావా?” అన్నాడు. మా దగ్గర పనిచేసే మహేశ్వరి మిషన్‌లోంచి తడి ప్యాంటు తీసి ఆయన చేతిలో పెట్టినాది. “మూసేస్తే ఇదెట్లొచ్చె సార్?” అన్నాది. ఆయప్ప నీళ్ల లెక్క చూసి, చేతులకు నీలం అంటలేదని చూసుకొని, నోటీసు కొట్టేసినాడు. ఈ వీధిలో తక్కిన యూనిట్లకు కూడా మీరే వచ్చి నేర్పించాలని అడుగుతాండాడు. శుక్రవారం కారు పంపుతా.

మీ శిష్యుడు,
ఓబిలేష్

తా.క.: అయ్యవారిని కూడా తోడుకొని రండమ్మా. మీరు చెప్పేది రాసుకునేదానికి ఒకరు కావాల.