జ్యోత్స్న భజనలో చెప్పిన మాట

అమ్మా భారతీ, అందరం కులాసాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారు పడొద్దు.

మీ అన్న కూతురు జ్యోత్స్నకు కొమరోలు ఆసుపత్రిలో హెచ్‌పీవీ టీకా వేయించాం. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అది అడ్డుకుంటుంది. మీ అమ్మేమో అమ్మవారు పోసినట్టు గడపకు వేపమండలు కట్టింది. దాంతో పిల్లకేదో రోగమొచ్చిందని వీధంతా గుసగుసలు. శనివారం చెన్నకేశవుడి గుడి భజనలో పక్కింటి గురవయ్య నన్ను నిలదీశాడు.

"పెండ్లి కాని పిల్లకు ఆ టీకా ఏంది బావా? రేపు బిడ్డలు పుట్టకపోతే ఎట్ల?"

నేను ప్రవచనానికి గ్రంథం తెరిచేలోపే జ్యోత్స్న లేచింది.

"దానికీ బిడ్డలకూ సంబంధం లేదు తాతా. వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తాదంట. నీ మనవరాలికి సూదంటే భయమైతే చెయ్యి నేను పట్టుకుంటాలే."

ఇన్నేళ్ల నా ప్రవచనాన్ని ఊరు అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. సోమవారమే గురవయ్య మనవరాలిని టీకాకు ఆసుపత్రికి తోలుకొని పోయినాడు. నా ఛాతీ ఉప్పొంగింది తల్లీ.

నీ కూతురికీ ఆలస్యం చేయకుండా వేయించు. అల్లుడు వద్దంటే నాకు ఫోన్ చేయించు, శాస్త్రం నేను చెబుతా. నువ్వూ సిగ్గుపడకుండా క్యాన్సర్ పరీక్ష చేయించుకో. మీ బోరులో నీళ్లున్నాయా?

నీ ఇంట ఆడపిల్లకు చెన్నకేశవుడి చల్లని చూపూ ఉండాలి, టీకా కూడా ఉండాలి.

నాయన