సొరంగంలో హారన్

మహ్‌రుఖ్ అక్కకి,

ఇక్కడ అందరం క్షేమమనీ, నువ్వు దగ్గర లేవన్న దిగులు తప్ప ఇంకేం లేదనీ ముందుగా రాయమని అమ్మ పక్కనే కూర్చుని చెబుతోంది. రాశాను. తర్వాత నేనేం రాస్తానో ఆమెకి తెలియదు. అమ్మకి చదవడం రాదు. ఈ ఒక్కసారికి అదే మంచిదైంది.

నీ ఉత్తరం కొత్త ఏడాది పండగ నౌరూజ్ ఎనిమిదో రోజున అందింది. మూడు సంగతులు అడిగావు. మొదటిది, ఇంటి సంగతి. అమ్మ మోకాలు మెట్లు దిగేటప్పుడు తప్ప బాధపెట్టడం లేదు. నువ్వు నాటిన అక్రోటు మొక్క మంచుకి చచ్చిపోలేదు, కొస చిగురించింది.

రెండోది, ఇంకా ఆ సొరంగంలోంచే బండి మీద పనికి పోతున్నావా అన్నావు. పోకుండా ఎట్లా? టైర్ల షాపు కొండకి అవతల, మన ఇల్లు ఇవతల. కానీ నువ్వనుకున్నట్టు పిచ్చిగా పోవడం లేదు. లోపలికి దూరే ముందు బండి ఆపుతాను. నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టి, ఒక కన్ను మూసుకుని అరవై లెక్కపెడతాను. చీకట్లోకి వెళ్ళాక ఆ కన్ను తెరిస్తే దారి కనిపిస్తుంది. ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. మూడో గేరు దాటను. నీళ్ళు కారే చోట ముందు బ్రేకు ముట్టుకోను. ఎదురొచ్చే లైట్ల వైపు చూడను, రోడ్డు అంచు చూస్తాను. నేను చేయగలిగింది ఇంతే. రెండు కిలోమీటర్ల సొరంగంలో వెలిగేవి ఆరు బల్బులు. మిగతావి వెలిగించడం నా చేతిలో లేదు. రోడ్ల ఆఫీసుకి వెళ్ళి అర్జీ ఇస్తే, అక్కడి పెద్దమనిషి దాన్ని తిప్పి తిప్పి చూసి, ఈ రాత కోడి గీకినట్టుందన్నాడు. నేను లారీల వెనక రాతలు చూసి చదువుకున్నవాణ్ణి, నా రాత ఇట్లాగే ఉంటుందని చెప్పాను. బల్బుల గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక మూడోది. కిందటేడు ఆకురాలే కాలంలో నోస్రత్ బావ ఆ సొరంగం మధ్యలో పడి ఉన్నప్పుడు, పెళ్ళి కార్ల ముందు వచ్చి, బండి నెమ్మది చేసి, ఆగకుండా హారన్ కొట్టి పోయినవాడు మన ఊరి ఇస్కందరేనా అని అడిగావు. అవునంటే పండగ పదమూడు రోజులూ కాగానే బావ అన్నదమ్ములు నలుగురూ ఇస్ఫహాన్ నుంచి బయల్దేరి వస్తారన్నావు. ఆసుపత్రి వరండాలో నేనన్న మాట కూడా గుర్తు చేశావు. వాణ్ణి పట్టుకుని చేతులు విరిచేస్తానన్నాను కదా, పట్టుకున్నావా అని అడిగావు.

దానికి జవాబు ఇందులోనే ఉంది. ముందే కిందకి చూడకు. వరసగా చదువు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పని ముగించుకుని వస్తున్నాను. మర్నాడు పదమూడో రోజు వనభోజనాలు కదా, రోడ్డు నిండా కార్లు. పైన తివాచీలు, టీ కాచుకునే సమోవార్లు కట్టుకుని సముద్రం వైపు పోతున్నారు. నేను ఎప్పటిలాగే ఆగాను, లెక్కపెట్టాను, దూరాను. సగం దారిలో ముందు చక్రం గుంటలో పడింది. ఎగిరిపడ్డాను. లైటు పోయింది, వెనకది కూడా పోయింది. బండి గోడ పక్కనున్న విరిగిన కాలవలోకి ఒరిగి, చక్రం ఇరుక్కుంది. వెనక భాగం రోడ్డు మీదే ఉంది.

నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను. బస్సు ఒకటి వెళితే దాని అద్దం నా చొక్కాని తాకింది. ఒక చెయ్యి చాచి హారన్ నొక్కాను. వదలకుండా నొక్కాను.

మన జనం సంగతి నీకు తెలుసు. సొరంగం వస్తే చాలు, పెద్దవాళ్ళు హారన్ కొడతారు, పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి అరుస్తారు, గోడలు తిరిగి అరుస్తుంటే నవ్వుతారు. మనమూ అట్లాగే పెరిగాం. నా హారన్ విని ముందు ఒక కారు జవాబిచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ కలిసి పెళ్ళి దరువు ఎత్తుకున్నాయి. నేను ఎంత నొక్కితే వాళ్ళు అంత కొట్టారు. ఒక కారు నన్ను దాటుతుంటే ఏ పిల్లో కేక వేసింది.

"ఇంకోసారి కొట్టు మావయ్యా, బలే ఉంది."

అక్కా, నేను చచ్చిపోతున్నాను, వాళ్ళకి అది పాట.

అప్పుడు హారన్ వదిలేశాను. సీటు కింద నుంచి పానా తీసి, గోడ వెంట పోయే ఇనప గొట్టం మీద కొట్టడం మొదలుపెట్టాను. మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు. వెనక పెద్ద లైట్లు కనిపించాయి, లారీ. దాని అద్దాలు దాదాపు గోడని రాసుకుంటూ వస్తున్నాయి. నేను కళ్ళు మూసుకుని కొడుతూనే ఉన్నాను. బ్రేకులు కీచుమన్నాయి. లారీ నాకు పది బారల అవతల ఆగింది.

డ్రైవరు దిగాడు. తెల్ల మీసాల ముసలాయన. ముందు ఒక పచ్చి బూతు తిట్టాడు, తర్వాత బండి బయటికి లాగడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. హారన్ కొట్టాను, ఒక్కడూ ఆగలేదని నేను అరిచాను.

"హారన్ వింటే నాకేం తెలుస్తుందిరా అబ్బాయ్?" అన్నాడు. "ఇక్కడ అందరూ సంతోషంగానే ఉంటారు. ఇనుం మోగింది కాబట్టి ఆగాను. సరదాకి ఎవడూ ఇనుం కొట్టడు."

తన లారీని నా వెనకే నెమ్మదిగా నడిపి, ఆ వెలుగులో నన్ను బయటిదాకా తీసుకొచ్చాడు. ఎండలోకి రాగానే రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. భయానికి కాదు.

అక్కా, పట్టుకున్నాను. వాడు ఇస్కందర్ కాదు. నేను.

ఆ రోజు పెళ్ళి కార్ల ముందు నడిచిన మూడు బళ్ళలో మొదటిది నాది. చీకట్లో హారన్ వినిపించింది. ఆగకుండా మోగుతోంది. ఎవడో మనకంటే ముందే మొదలుపెట్టాడనుకున్నాను. కాస్త నెమ్మది చేశాను, అది బావ చూసింది నిజం. నవ్వుకుంటూ పెళ్ళి దరువు కొట్టాను. వెనక పదహారు కార్లూ కొట్టాయి. మేం వెళ్ళిపోయాక వచ్చిన లారీ బావ కాలు మీదుగా పోయింది. పెళ్ళింట్లో నా చేతిలో పులావు ముద్ద ఉండగా కబురొచ్చింది. నోస్రత్ సొరంగంలో పడ్డాడు, కాలు పోయింది, హారన్ కొడుతూనే ఉన్నాడట, అన్నారు. ఆ హారన్ ఏదో నాకు అక్కడే తెలిసిపోయింది. అయినా ఆసుపత్రికి వచ్చి, నీ ఎదుట ఆ ఆగకుండా పోయినవాణ్ణి తిట్టాను. అందరికంటే గట్టిగా తిట్టాను. ఆ మూడింట్లో ఒక బండి వాడిది కాబట్టి ఊళ్ళో ఇస్కందర్ పేరు మొదలైతే నోరు మూసుకుని కూర్చున్నాను. ఆరు నెలలు వాడు టీ కొట్టు వైపు రాలేదు.

నిన్న వాడి ఇంటికెళ్ళి టీ కొట్టుకి పిలుచుకొచ్చాను. అందరూ వింటుండగా చెప్పాను. మా టైర్ల షాపు ఉస్తాదు చేతిలో పాచికలు అట్లాగే ఉండిపోయాయి. ఇస్కందర్ కొట్టలేదు. కొడితే బాగుండేది. తన టీ గ్లాసు నా ముందుకి జరిపి, "తాగు, గొంతు ఎండిపోయి ఉంటుంది" అని లేచి వెళ్ళిపోయాడు.

బావ అన్నదమ్ములకి చెప్పు, వాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు. అప్పట్లో బావ బండి అమ్మేయమన్నావు, అమ్మలేదు. వంగిన ఫోర్కు సరిచేశాను, ట్యాంకు సొట్టలు తీశాను, లైటు కొత్తది పెట్టాను. హారన్ బటన్ మాత్రం మార్చలేకపోయాను. బావ బొటనవేలు నొక్కిన నొక్కుడికి దాని ప్లాస్టిక్ లోపలికి పగిలిపోయి ఉంది. కొత్తది నా డబ్బాలోనే ఉంది, చెయ్యి రావడం లేదు.

ఈ ఉత్తరం బావకి నువ్వే చదివి వినిపించు. మధ్యలో ఆపేయమంటే ఆపేయి.

వచ్చే శుక్రవారం బస్సులో వస్తున్నాను. మీ వీధి తలుపుకి ఇనప కడియం ఉంది కదా, అది మూడుసార్లు కొడతాను. ఆగి, మళ్ళీ మూడుసార్లు కొడతాను. తలుపు తీయడం బావ ఇష్టం. తీయకపోయినా సాయంత్రం దాకా అక్కడే నిలబడతాను.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే నీ తమ్ముడు,
ఇరజ్