బావగారి చొక్కా

చెల్లాయికి,

నాకు డెబ్బై నిండగానే నన్ను ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసుకు లాక్కెళ్లావు. "రోగం లేనివాడికి బీమా ఎందుకే?" అని దారిపొడవునా సణిగాను. చూపు ఆనడం లేదన్న సంగతి దాచి, "మీ హస్తవాసి మంచిది, సూదిలో దారం మీరే ఎక్కించండి" అంటూ కొట్టుకు వచ్చినవాళ్లందరినీ బుట్టలో వేసుకునే దర్జీని నేను. నువ్వొక్కదానివే పసిగట్టావు.

అక్కడ ఇచ్చిన బీమా కార్డు మీదే కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఎదురుగా బావగారు కనిపించారు, పోయినేడు నేను కుట్టిన చొక్కాలో. జేబు ఒక పక్కకు ఒరిగింది, కాలరు ఒకవైపు పొడుగు. ఇన్నాళ్లూ అది తొడుక్కునే ఆఫీసుకు వెళ్లారా తల్లీ? అడిగితే "హాయిగా ఉంది బావగారూ" అంటారు!

మీ ఇద్దరికీ చేతులెత్తి మొక్కాలి. ఆ చొక్కా పంపించు, విప్పి మళ్లీ కుడతాను. సూదిలో దారం నేనే ఎక్కించి పెట్టుకున్నాను.

అన్నయ్య