ఐదువందల పేర్లకు ఒక వరస

మెదక్,
మార్చి 2002

బామ్మర్ది సాయిలుకు,

ఎల్దుర్తిలో అందరూ మంచిగున్నారనుకుంటున్న. మా మనుమరాలు దేవిక నౌకరి నిలబడ్డది. నా తెలివితోనే నిలబడ్డది, ఊర్లో నలుగురికి చెప్పు.

పల్లెల నుంచి ఫ్లాపీలల్ల వచ్చిన నలభై వేల ఓటర్ల పేర్లను అది ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించాలె. అన్నీ పోసి ఆఖరున కమిట్ కొడితేనే పేర్లు నిలుస్తాయట. రెండుసార్లు నడుమ కరెంటు పోయి మొత్తం మాయమైంది. సోమవారానికి కాకుంటే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. పిల్ల అన్నం ముట్టలేదు.

"పేరు పేరుకు కమిట్ కొట్టరాదే?" అన్న.

"కొట్టినప్పుడల్లా కంప్యూటర్ జరసేపు ఆగుతది, గట్ల కొడితే పది దినాలైనా ఒడవది తాతా."

"మట్టిగోడ ఎట్ల పెడ్తం బిడ్డా? పిడికెడు పెట్టి ఆరనిస్తమా? ఒక్కదినంల నిలువెత్తు లేపుతమా? మూరెడు పెట్టి ఆరనిచ్చి, దానిమీద ఇంకో వరస పెడ్తం."

అది ఐదువందల పేర్లకొకసారి కమిట్ కొట్టింది. శనివారం పద్దెనిమిది వేలు దాటినంక కరెంటు పోయింది. వచ్చినంక చూస్తే ఆఖరి వరస ఒక్కటే లేదు, మిగతా పేర్లన్నీ ఉన్నాయి. సోమవారం పొద్దున్నే పని ఒడిసింది. "ఐదువందలే ఎందుకమ్మా?" అని సారు అడిగితే, "మా తాత గోడ లెక్క సార్" అన్నదట.

పోయినేడు నువ్వు గొడ్ల కొట్టం గోడ ఒక్కదినంలనే లేపి వానపాలు చేసినవు. ఈసారి మట్టి ముట్టకు, ఆదివారం నేనే వస్తున్న. ఒక్కో మూరెడు పెట్టి, అది ఆరేదాకా నీ ఇంట్లోనే కూర్చొని కోడికూర తింట.

మీ బావ