బండి నీళ్లు వేరు, మడినీళ్లు వేరు

తుంగా,

పేపర్లు దిద్దడానికి మొదటి బస్సుకు కర్నూలు పోతున్నాను. నిన్ను లేపబుద్ధి కాలేదు. కారు తాళంచెవి ఈ చీటీ కిందనే ఉంది. అత్తను మంత్రాలయం నువ్వే తీసుకుపో.

రేడియేటరు నింపినాను. వేడి చూపే ముల్లు ఫారెన్‌హీటు లెక్కన నూట ఎనభై దగ్గరుంటే భయం లేదు. రెండువందలు దాటితే చెట్టునీడకు తీసి ఆపు, బానెట్ ఎత్తు. అరగంట దాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. నా మోచేతి మీది మచ్చ ఆ తొందర ఫలమే. చల్లారినాక, ఇంజను నడుస్తుండగా నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యి. వేడి మీద గుమ్మరిస్తే ఇంజను పగులుతుంది.

డిక్కీలో డబ్బా నీళ్లు బండికి. అత్త తాగడానికి తెచ్చుకునే బిందె జోలికి పోవద్దు. పోయినసారి నేను అడిగితే, "మడినీళ్లు బండికి పోస్తావేమిరా నరహరీ, దానికేమన్నా ఉపనయనమైందా?" అని ఎమ్మిగనూరు దాకా తిట్టింది. ఆలస్యమైందని నిన్నూ తిడుతుంది. తిట్టనీ. మంత్రాలయం మఠంలోని రాయరు ఎక్కడికీ పోరు.

నేను పక్కన లేకుండా నువ్వు ఇంతదూరం నడపడం ఇదే మొదలు. తాళంచెవి రెండుసార్లు జేబులో వేసుకున్నాను, మళ్లీ తీసి పెట్టినాను.

నాన్న

మరిచినాను. నువ్వు పుట్టిన ఏడాది బండి ఇట్లే కాగితే, అత్త కునుకు తీస్తుండగా మీ అమ్మ ఆ మడినీళ్లే రేడియేటరులో పోసి, బిందెను చేనిబావిలో ముంచి తెచ్చిపెట్టింది. అత్త లేచి తాగి, "మన ఇంటి నీళ్ల రుచే వేరు" అంది. డబ్బా చాలకపోతే నువ్వూ అదే చెయ్యి. చదివినాక ఈ చీటీ పొయ్యిలో వెయ్యి.