తెర కట్టకుండా విప్పాలి

కుమాసి నగరం, సువామె మ్యాగజైన్ అనే మరమ్మతు షెడ్ల పేటలో ఫిట్టరుగా బతికిన క్వాకు అజెకుమ్ అనే నేను, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రేరేపణా లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న కడపటి వీలునామా ఇది. ఇంతకు ముందు నోటితో చెప్పినవీ కాగితం మీద పెట్టినవీ అయిన అన్ని ఏర్పాట్లూ దీనితో రద్దు. నా గుండె బలహీనపడిందని డాక్టరు అన్నాడు, బుద్ధి గురించి ఏమీ అనలేదు. మా వంశపెద్ద ఒపాన్యిన్ బొఆదు మాత్రం నాకు మతి తప్పిందని ఊరంతా చెబుతున్నాడు. పోయిన క్రిస్మస్‌కు ఆయన నా దగ్గర తీసుకెళ్ళిన జాకీ ఇంకా తిరిగి రాలేదు. మతి తప్పినవాడికి ఇంత గుర్తుండదు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత లాయరు ఎస్తేర్ లాంప్టీ గారిదీ, పక్క షెడ్డు వెల్డరు సెయిదుదీ. దీనిని నా అంత్యక్రియల శనివారం, పందిట్లో, చందాలు ఇచ్చినవారి పేర్లు చదవడం మొదలుపెట్టక ముందు, మైకులో అందరికీ వినపడేలా చదవాలి. ఒక్క రోజు ముందు కూడా ఎవరికీ చూపకూడదు. అక్రా బస్సు రోజూ ఉంది.

2. నా షెడ్డు, పనిముట్లు, తాఫో రోడ్డులోని ఇల్లు నా కూతురు అబెనా పొకువాకు చెందాలి. మా ఆచారంలో మేనమామ సొత్తు మేనల్లుడికి పోతుందని, కూతురు తల్లి వంశపు మనిషని నాకు తెలుసు. ఆ ఆచారాన్ని జీవితమంతా నెత్తిన పెట్టుకున్నాను. కానీ ఇది వంశం సొత్తు కాదు, నా రెక్కల కష్టం. ఎవరికైనా రాసే హక్కు నాకుందని లాయరమ్మ తేల్చి చెప్పింది.

3. ఇక నా మొదటి పరికరం సంగతి. దానికి 'ఫా తో హో' అని పేరు పెట్టాను, అంటే ఎక్కడిదక్కడ పెట్టు అని. టాక్సీ పెట్రోలు గొట్టంలో బిగించే చిన్న ఇత్తడి కవాటం అది. దొంగ బండి తీస్తాడు, సంబరంగా కూడలి దాకా పోతాడు, సరిగ్గా నలుగురి మధ్య ఇంజను ఆగిపోతుంది. రహస్యపు మీట ఎక్కడుందో తెలిసిన సొంతదారు తప్ప ఇంకెవరూ దాన్ని కదిలించలేరు.

దీనికి పేటెంటు ఎలా తీసుకోవాలని అడిగితే, దరఖాస్తు పడేదాకా ఎవరికీ చూపొద్దు, ఎవరికీ చెప్పొద్దని లాయరమ్మ అంది. మంచి సలహానే. మ్యాగజైన్‌లో ఏ పనైనా ఆరుబయట, అందరి కళ్ళముందే జరుగుతుంది. నేను మాత్రం, పోయిన నా భార్య ఆమా కట్టుకునే పూల గుడ్డ తెచ్చి షెడ్డుకు తెర కట్టాను. "అజెకుమ్ ముసలోడు లోపల పెళ్ళికూతుర్ని దాచాడ్రోయ్" అని వెల్డర్లు ఏడిపించారు. పడ్డాను. అబెనాను కూడా లోపలికి రానివ్వలేదు. ఒక్కణ్ణే రానిచ్చాను, మా అక్క కొడుకు కోజో బార్నియేని. రేపు అంతా వాడిదే కదా అనుకున్నాను.

నేను సుద్దముక్కతో నేల మీద గీశాను. వాడు చూసి కాగితం మీదికి ఎక్కించాడు, ఇంగ్లీషులో వివరం రాశాడు. లాయరు ఫీజు దండగ వోఫా, దరఖాస్తు మనమే వేసుకుందాం అన్నాడు. మేనమామను మేము వోఫా అంటాం. వాడు ఆ మాట అంటే నాకు కాదనబుద్ధి కాదు. కాగితాలు పట్టుకుని పేటెంటు ఆఫీసున్న అక్రా వెళ్ళాడు, పని అయిపోయిందని వచ్చి చెప్పాడు. ఆ రోజు కోడిని కోయించి ఫుఫూ ముద్ద దంపించి, తొడముక్క వాడికే పెట్టాను.

తర్వాతి వానాకాలంలో ఒక అమ్మకాల కుర్రవాడు నా షెడ్డుకే వచ్చాడు. నా కవాటాన్నే అట్టపెట్టెలో పెట్టి నాకే అమ్మబోయాడు. పెట్టె మీద కనిపెట్టినవాడి పేరు కోజో బార్నియే అని ఉంది. హక్కులు ఏదో దిగుమతి కంపెనీకి ఎప్పుడో అమ్మేశాడట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగల్ని పట్టే పరికరం కట్టినవాడు మాత్రం ఏం పడతాడు?

వంశసభ పిలిపించాను. వాడు తల కూడా దించలేదు. "వోఫా, నీ తర్వాత అది ఎలాగూ నాదే కదా. కాస్త ముందు తీసుకున్నా, అంతే. నాది నేను తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుద్ది?" అన్నాడు. బొఆదు తల ఊపాడు. మేనల్లుడు తింటే మేనమామ కడుపు నిండినట్టేనని తీర్పు చెప్పి, నా డబ్బుతో తెప్పించిన సారా నాకే పోశాడు. నేను గ్లాసు ముట్టలేదు. ఆ సభలో నా పక్షాన ఒక్క నోరూ లేవలేదు. ఆ నోళ్ళన్నిటికీ నేను ఎన్నో ఏళ్ళు బళ్ళు బాగుచేసి పెట్టాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను. పరికరం మీరు చేస్తుండగా చూసినవారెవరు అని అడిగింది. నేల మీది గీతలు ఏ రోజువి ఆ రోజే ఊడ్చేశాను. తెర కట్టాను కాబట్టి చుట్టూ వందమంది పనివాళ్ళున్నా ఎవరూ ఏమీ చూడలేదు. తెర లోపల ఉన్నది ఇద్దరమే, ఆ రెండోవాడే దొంగ. కోర్టుకు వెళ్ళలేదు. నా తర్వాత కూడా ఎవరూ వెళ్ళొద్దు.

4. ఆ పూల గుడ్డ అబెనాకు. అమ్మా, అది మీ అమ్మది. దానితో నిన్ను బయట ఉంచాను. కత్తిరించి గౌను కుట్టించుకో, మసి తుడుచుకో, నీ ఇష్టం. దేనికీ తెరగా మాత్రం కట్టకు.

5. నా అక్క ఆఫియా సెర్వాకు, ఆమె బతికున్నంత కాలం, నా ఇంటి వసారా గది. ఆ సభ తర్వాత ఆమె నా గడప తొక్కలేదు. సిగ్గుపడి రాలేదో, కొడుకు గెలిచాడని రాలేదో నాకు తెలియదు. ఏదేమైనా ఒక్క తల్లి పాలు తాగాం. రేడియో కూడా ఆమెకే, ఆదివారం పాటలు వింటుంది.

6. ఒపాన్యిన్ బొఆదుకు ఆ జాకీ. ఇక తిరిగివ్వనక్కర్లేదు. సాక్షులకు ఏమీ రాయలేదు, చట్టం ఒప్పదట. భోజనం మాత్రం బాగా పెట్టండి.

7. నేను రెండో పరికరం చేశాను. మొదటిదానిలో మీట దొరికితే దొంగ గెలుస్తాడు. దీనిలో మీటే లేదు. సొంతదారు తాను ఎంచుకున్న వరసలో బ్రేకు తొక్కితేనే కవాటం తెరుచుకుంటుంది. దీన్ని మా ఇంట్లో అబెనాతో కలిసి చేశాను. సెయిదు, లాయరమ్మ మొదటినుంచీ చూస్తూనే ఉన్నారు. దీనికైనా అబెనా పేరున పేటెంటు వేద్దామని లాయరమ్మ అంది. నాకూ ఆశ పుట్టింది. కానీ పేటెంటు ఆస్తి అవుతుంది, ఆస్తి అంటే వంశం వస్తుంది, నా కూతురు కోర్టు మెట్ల మీద ముసలిదవుతుంది. ఆమెనే అడిగాను. "నాన్నా, తాళం వేసుకుని కాపలా కూర్చునే బతుకు నాకొద్దు. పని తెలుసు, చాలు" అంది.

కాబట్టి నా ఆదేశం ఇది. ఈ క్లాజు చదవగానే పందిరి మధ్య బల్ల వేయాలి. అబెనా ఆ పరికరాన్ని విప్పి, ఒక్కో ముక్కా పైకెత్తి చూపి, అది ఏం చేస్తుందో మైకులో మన భాషలో చెప్పాలి. ఫోన్లున్నవారంతా వీడియో తీసుకోండి, ఊరూరా పంపండి, చేతనైనవారు చేసుకోండి. లోకమంతా ముందే చూసినదాన్ని ఎవరూ తమదని రాయించుకోలేరట. పోయినసారి ఆ సూత్రానికి భయపడి తెర కట్టాను. ఈసారి నాకు కావలసింది అదే.

8. నా మేనల్లుడు కోజో బార్నియేకి ఆస్తిలో భాగం లేదు. ముందే తీసుకున్నాడు.

కోజో, నువ్వు ఇప్పుడు ముందు వరసలో కూర్చుని వింటూ ఉంటావు. ఆచారం ప్రకారం నీ చోటు అదే, లేవమనను. మొదటి దరఖాస్తులో నా పేరు పక్కన నీ పేరు కూడా రాయించాలని, లాయరు ఫీజు దండగని నువ్వు అనకముందే లాయరమ్మతో అన్నాను. ఆమె మైకు దగ్గరే ఉంది, అడుగు. నీకు చెప్పలేదు. కాగితం వచ్చాక నీకే ఇచ్చి చదివించుకుందామనుకున్నాను.

నా చేతి టార్చి నీకు రాస్తున్నాను. చిన్నప్పుడు బండి కింద నా పక్కన పడుకుని పట్టేవాడివి, నీ చెయ్యి ఎప్పుడూ వణకలేదు. పందిట్లో ఎంత ఎండ ఉన్నా, పరికరం లోపలి పళ్ళచక్రం ఉన్న రంధ్రంలోకి చూపు పోదు. అబెనా విప్పుతోంది. లేచి వెళ్ళి వెలుగు పట్టు. అందరికీ కనపడాలి.

కుమాసి, 2019 ఆగస్టు 14, బుధవారం.

(సంతకం) క్వాకు అజెకుమ్

పై వ్యక్తి మా ఎదుట, మేమిద్దరం ఒకేసారి ఉండగా సంతకం చేశాడు. మేమూ ఆయన ఎదుటే చేశాం.
సాక్షులు:
డానియల్ ఒఫోసు, గడియారాల మరమ్మతు
కంఫర్ట్ అంపాంసా, కెంకే ముద్దల అమ్మకం